ఏట్రా, పని చేస్తున్నారా, కాగితాలు రాస్తున్నారా?

"మూడొందల మెగావాట్లకి అన్ని వేల కోట్లేట్రా? మీరక్కడ పని చేస్తున్నారా, కాగితాలు రాస్తున్నారా?"

విశాఖ కూర్మన్నపాలెం నుంచి పెదనాన్న ఫోన్లో వేసిన చురక ఇది. బాయిలర్ల దగ్గర జీవితమంతా గడిపి రిటైరైన మనిషి, మాట మెత్తగా ఉండదు. "కాగితం కూడా పనే పెదనాన్నా" అని అప్పటికి తప్పించుకున్నాను గానీ, ఆ మాట ముల్లులా అలాగే ఉండిపోయింది.

ఆయన లెక్క తప్పేం కాదు. కెనడాలో, టొరంటోకి తూర్పున, ఒంటారియో సరస్సు ఒడ్డున డార్లింగ్టన్‌లో బీడబ్ల్యూఆర్‌ఎక్స్-300 రకం చిన్న అణు రియాక్టర్లు నాలుగు కట్టడానికి 2025 మేలో ఇక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. మొత్తం 2,090 కోట్ల కెనడా డాలర్లు. మొదటిదానికే 610 కోట్లు, నాలుగింటికీ కలిపి వాడే ఏర్పాట్లకు మరో 160 కోట్లు. ఒక్కోటీ ఇచ్చేది 300 మెగావాట్లు. పరవాడ సింహాద్రి బొగ్గు కేంద్రంలో ఒక్క యూనిట్టే 500. చిన్నదైతే చవకన్న మాట ఇంకా ఎక్కడా రుజువు కాలేదు. అమెరికాలో నూస్కేల్ కంపెనీ చిన్న రియాక్టర్ల ఐడహో ప్రాజెక్టులో మెగావాట్-అవర్ ధర 58 డాలర్ల నుంచి 89కి పెరిగింది, 2023 నవంబరులో దాన్ని వదిలేశారు.

మరెందుకీ తంటా అంటే, బొగ్గు లెక్కతో పోల్చి చూడాలి. 300 మెగావాట్లు ఏడాదంతా నడవాలంటే మన బొగ్గు రోజుకి సుమారు 4,500 టన్నులు కావాలి. అంటే రోజుకో గూడ్సు రైలు దాటి. అందులో మూడో వంతుకు పైగా బూడిదే. అదే ఈ రియాక్టర్‌కి ఏడాది మొత్తానికి పట్టే యురేనియం సుమారు ఆరు టన్నులే. పొగ లేదు, బూడిద చెరువు లేదు. పోర్టు బొగ్గు ధూళి డాబాల మీద ఊడ్చుకునే వన్‌టౌన్ వాళ్ళకి ఈ తేడా వివరించక్కర్లేదు. వాడేసిన ఇంధనం మాత్రం ఏళ్ళ తరబడి నీళ్ళలో, తర్వాత కాంక్రీటు పీపాల్లో కాపలా కాయాల్సిందే.

రియాక్టర్ చిన్నది కావడం అసలు ఉపయోగపడేది దాన్ని ఆపినప్పుడు. బాయిలర్‌లో మంట ఆర్పితే వేడి ఆగినట్టే. రియాక్టర్‌లో అలా కాదు. దీని వేడి 870 మెగావాట్లు. గొలుసు చర్య ఆపిన క్షణాన కూడా అందులో ఆరు శాతం, అంటే 50 మెగావాట్ల పైచిలుకు, పుడుతూనే ఉంటుంది. గంట గడిచాక పన్నెండు దగ్గరికి, రోజు గడిచాక నాలుగైదు మెగావాట్లకి దిగుతుంది. 2011లో ఫుకుషిమాని ముంచింది ఈ వేడే. సునామీకి డీజిల్ జనరేటర్లు మునిగి పంపులు ఆగిపోయాయి. ఇక్కడ వేడి తక్కువ కాబట్టి పంపే అక్కర్లేకుండా చేశారు. రియాక్టర్ పాత్ర పొడవుగా ఉంటుంది, వేడినీళ్ళు తమంతట పైకి లేచి చల్లనివి కిందికి దిగుతాయి. కరెంటు పోతే వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది, ఆవిరి పైనున్న నీటితొట్టిలోని గొట్టాల్లోకి పోయి నీరై, బరువుకి తిరిగి పాత్రలోకి జారుతుంది. ఇడ్లీ కుక్కర్ మూతకి పట్టిన నీళ్ళు మళ్ళీ అడుక్కి కారినట్టే. డిజైన్ ప్రకారం ఏడు రోజులు మనిషి చెయ్యి పడకుండా, కరెంటు లేకుండా గడిచిపోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక విశాఖ ఎన్ని రోజులు చీకట్లో ఉందో గుర్తున్నవాళ్ళకి ఆ ఏడు అంకె ఊరికే పెట్టింది కాదని అర్థమవుతుంది.

సరే, భౌతికశాస్త్రం అంత ఉదారంగా ఉంటే కాగితాలెందుకు? పెదనాన్న అడిగింది అదే.

వెల్డింగ్ రాడ్ తీసుకుందాం. 7018 రాడ్ పూతకి తేమంటే పడదు. డబ్బా తెరిచాక 120 డిగ్రీల ఓవెన్‌లో ఉంచాలి, బయటికి తీసిన నాలుగు గంటల్లో వాడాలి, లేదా వెనక్కివ్వాలి. తేమ పట్టిన రాడ్‌తో కొడితే అందులోని హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది. అతుకు ఆ పూట అద్దంలా ఉంటుంది. ఒకటి రెండు రోజుల తర్వాత లోపల సన్నగా చీలుతుంది. అందుకే ఏ రాడ్ ఏ లాట్‌ది, ఎన్నింటికి బయటికొచ్చింది, ఎవరు ఏ జాయింట్ మీద వాడారు, వాడగా మిగిలిన ముక్కలు ఎన్ని వెనక్కొచ్చాయి, అన్నీ రాస్తారు. ఇక్కడ చలికి ఇనుమును ముందు వేడి చేయడం తలనొప్పి. విశాఖలో ఉక్కపోతకి ఓవెన్ తలుపు తెరిచి ఉంచడమే తలనొప్పి అవుతుంది.

ముక్కలు లెక్కపెట్టడం పిసినారితనం కాదు. ఇంధన కడ్డీ గొట్టం గోడ మందం అర మిల్లీమీటరు చిల్లర. ఒక వైరుముక్క నీళ్ళతో కొట్టుకొచ్చి కడ్డీల మధ్య ఇరుక్కుంటే, అదురుతూ అదురుతూ ఆ గోడని అరగదీస్తుంది. చిల్లు పడితే లోపలి వాయువులు బయటికి. పైగా ఇది మరుగునీటి రియాక్టర్, అందులోని ఆవిరే నేరుగా టర్బైన్‌కి పోతుంది, మురికి అక్కడికీ చేరుతుంది. అందుకే తెరిచిన గొట్టం దగ్గరికి వెళ్ళేటప్పుడు ఉంగరం తీసేయాలి, కళ్ళజోడుకి తాడు, పెన్నుకి తాడు. లోపలికెళ్ళిన పానా బయటికొచ్చినట్టు సంతకం. ఒక బోల్టు లెక్క తేలకపోతే పని ఆగుతుంది, దొరికేదాకా.

మనవాళ్ళకి అన్నిటికన్నా కొరుకుడు పడనిది మాట తిరిగి చెప్పడం. "ఇరవై మూడో వాల్వు మూయి" అంటే, "ఇరవై మూడో వాల్వు మూస్తున్నాను" అని మనం చెప్పాలి, "అవును" అని చెప్పినాయన అనాలి, అప్పుడే చెయ్యి వెయ్యాలి. తల ఊపితే చెల్లదు. మన ఊపు అవునో కాదో వాళ్ళకి తెలిసి చావదనుకోండి, అది వేరే సంగతి. "ఆఁ, తెలుసులే" అనే అలవాటుతో వచ్చినవాడికి ప్రతి మాటా చిలకలా పలకడం అవమానంగానే ఉంటుంది. ఆ అవమానం తగ్గడానికి నెలలు పడుతుంది. ఇరవై మూడు, ముప్పై మూడు పంపుల హోరులో ఒకలాగే వినిపిస్తాయని తెలిసొచ్చాక తగ్గుతుంది.

అయినా మనకి క్రమశిక్షణ లేదని ఇక్కడెవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మన లైన్‌మన్ల ఎల్సీ, అదే లైన్ క్లియర్, ఏమిటి మరి? లైను ఆపినట్టు సబ్‌స్టేషన్ చెప్పాలి, అప్పుడే స్తంభం ఎక్కాలి, ఎల్సీ తీసుకున్నవాడే తిరిగివ్వాలి. నియమం అచ్చంగా ఇదే. ఒక ఫీడర్ అడిగితే పక్క ఫీడర్ ఆపడం, తోటివాడు కింద నుంచి "అయిపోయింది సార్" అనేయడం, ప్రాణాలు పోయేది అక్కడే. నియమం తెలియక కాదు, తొందరకి.

చిన్న రియాక్టర్ విశాఖకి కొత్తదీ కాదు. 2009 జులై 26న అక్కడే నీళ్ళలోకి దిగిన అణు జలాంతర్గామి అరిహంత్ కడుపులో ఉన్నది 83 మెగావాట్ల వేడిదే. 2025 కేంద్ర బడ్జెట్‌లో 20,000 కోట్లు పెట్టి, 2033 నాటికి కనీసం ఐదు స్వదేశీ చిన్న రియాక్టర్లు నడపాలన్నారు. హైడ్రోజన్ కోసం ఐదు మెగావాట్ల వేడినిచ్చే గ్యాస్ రియాక్టర్‌ని విశాఖ బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం)లో పెట్టాలన్న ప్రతిపాదనా ఉంది.

అయితే స్టీల్ ప్లాంట్ గోడ పక్కన 300 మెగావాట్లది పెట్టెయ్యమంటే అంత తేలిక కాదు. మన దేశంలో అణు కేంద్రానికి అత్యవసర ప్రణాళిక చుట్టూ 16 కిలోమీటర్లకి వేస్తూ వచ్చారు. అక్కడి నుంచి గీత గీస్తే గాజువాక, దువ్వాడ, ఎన్‌ఏడీ అన్నీ లోపలే. తుపాను రాత్రి అంతమందిని ఏ రోడ్డున తరలిస్తారు? చిన్న రియాక్టర్‌కి ఆ గీత దగ్గరికి జరపొచ్చని కంపెనీల వాదన. వాదనలో బలం ఉంది, కానీ తేల్చాల్సింది నియంత్రణ సంస్థ, కంపెనీ కాదు.

పెదనాన్న ఈసారి తప్పకుండా నీళ్ళ సంగతి ఎత్తుతాడు. 870లో 300 కరెంటు పోగా 570 మెగావాట్ల వేడి ఎక్కడో పారబోయాలి. పది డిగ్రీల పెరుగుదలకి సెకనుకి పదమూడున్నర టన్నుల నీళ్ళు. కూలింగ్ టవర్ కడితే రోజుకి కోటిన్నర లీటర్లు ఆవిరి. ఆ నీళ్ళు మేఘాద్రిగెడ్డ నుంచో ఏలేరు కాలువ నుంచో తీస్తే ఊరు ఊరుకోదు, సముద్రమే దిక్కు. ఇక్కడి సరస్సు చల్లన, మన సముద్రం ఎండాకాలం 30 డిగ్రీలు. ఆవిరిని నీరు చేసే కండెన్సర్‌లో వాక్యూమ్ పడిపోయి అదే ఆవిరికి మెగావాట్లు తగ్గుతాయి. జెల్లీచేపలు గుంపుగా వచ్చాయంటే నీరు లాగే చోట జల్లెళ్ళు మూసుకుపోతాయి. ఆ జల్లెడ ఎన్ని గంటలకోసారి కడగాలో, ఎవరు కడిగారో, దానికీ ఒక కాగితం ఉంటుంది పెదనాన్నా.