గొలుసు ముసుగు, పద్నాలుగో వారం: తల అయింది, మెడ మొదలు

నిన్న రాత్రి పదకొండున్నరకి 2,640వ రింగు మూశాను, దాంతో తల భాగం పూర్తయింది. వంటింటి కాటా మీద పెడితే 445 గ్రాములు తూగింది. ఇంకా మెడ, భుజాల మీద పడే అంచు మిగిలాయి, నా లెక్కలో మరో 1,500 రింగులు.

నేను చేస్తున్నది కాయిఫ్, అంటే యూరప్‌లో ఒకప్పుడు నైట్లు, అంటే కవచం తొడిగి పోరాడే యోధులు, ఇనుప టోపీ కింద తలకీ మెడకీ వేసుకునే గొలుసు ముసుగు. ఈ పిచ్చి పట్టించింది 1981లో జాన్ బూర్మన్ బ్రిటన్ రాజు ఆర్థర్ గాథ మీద తీసిన సినిమా ఎక్స్‌కాలిబర్. విఠలాచార్య గారి సినిమాలు చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి మాంత్రికుడు, శాపం, మహిమగల కత్తి నాకు కొత్తేమీ కాదు. కానీ ఆ సినిమాలో ఐర్లాండు అడవిలో నిలబడ్డ మనుషుల కవచాల మీద పచ్చ లైటు పడి, ఇనుములోకే ఆకుల రంగు దిగినట్టు కనిపిస్తుంది చూడండి, అది చూశాక ఆ లోహాన్ని చేత్తో పట్టుకోవాలనిపించింది. ఆర్థర్ బతికాడని చెప్పే కాలం క్రీస్తుశకం ఐదో, ఆరో శతాబ్దం, అప్పట్లో అలాంటి తళతళలాడే పలకల కవచాలు లేవు, అది నిజమే. అయితే సినిమాకి ఆధారం ఆర్థర్ కథల మీద ఇంగ్లీషు రచయిత మాలరీ రాసిన పుస్తకం, కాక్స్టన్ అనే ముద్రాపకుడు దాన్ని అచ్చువేసింది 1485లో. మాలరీ కాలపు నైట్లు తొడిగింది ఆ పలకల కవచాలే. అందుకే చరిత్ర తప్పని ఎవరన్నా నేను ఒప్పుకోను, కథ మనదాకా ఏ వేషంలో వచ్చిందో బూర్మన్ అదే వేషంలో చూపించాడు.

పలకల కవచం నా వల్ల కాదు, కొలిమి కావాలి. గొలుసైతే డాబా మీద కూర్చుని చేసుకోవచ్చు.

సామాను ఇదీ: 16 గేజి అల్యూమినియం తీగ ఒక కిలో, అంటే 1.6 మిల్లీమీటర్ల మందం. చుట్టడానికి 8 మిల్లీమీటర్ల నున్నటి రాడ్డు, గీతలున్న సెంట్రింగు చువ్వ పనికిరాదు. రెండు నోస్ ప్లేయర్లు, కంసాలులు వాడే సన్న రంపం, కళ్లద్దాలు. రింగు లోపలి వ్యాసాన్ని తీగ మందంతో భాగిస్తే 5 రావాలి, ఈ అల్లికకి అది బాగా కుదురుతుంది. మరీ తక్కువైతే గొలుసు బిగుసుకుపోయి వంగదు, ఎక్కువైతే వలలాగా వదులైపోతుంది. కిలో తీగకి వేస్టు పోగా 5,500 రింగులు దాకా వస్తాయి.

మొదటి 700 రింగులు కటింగ్ ప్లేయరుతో కోశాను, అవన్నీ పక్కన పడేయాల్సి వచ్చింది. ప్లేయరు తీగని కోయదు, నొక్కి తెంపుతుంది, దాంతో కొసలు ఉలి మొనల్లా తయారై ఎంత మూసినా మధ్యలో సందు ఉండిపోతుంది. మా తమ్ముడి తలకి పెట్టి చూస్తే, "అక్కా, నెత్తి మీద బానే ఉంది గానీ చెవుల దగ్గర జుట్టు పీకేస్తోంది" అన్నాడు. రంపంతో కోస్తే టైం మూడింతలు పడుతుంది కానీ కొసకి కొస సమంగా ఆనుతుంది. మూసేటప్పుడు రింగుని పక్కలకి లాగకండి, ఒక కొస ముందుకి, ఒక కొస వెనక్కి తిప్పి, కాస్త దాటించి వెనక్కి తెస్తే టిక్కుమంటుంది. ఆ చిన్న శబ్దం వచ్చిందంటే పడ్డట్టే.

అల్లిక మామూలుదే, ప్రతి రింగులోంచీ నాలుగు రింగులు. తల గుండ్రంగా రావడమే కష్టం. నడినెత్తిన పెద్ద రింగు ఒకటి వేసి, దానికి పన్నెండు మామూలు రింగులు తగిలించి, వరస వరసకీ కొన్ని అదనపు రింగులు పెంచుతూ దిగాలి. తొమ్మిదో వారంలో పెంచే రింగులన్నీ పై వరసలో పెంచిన చోటే వేస్తూ పోయాను, దాంతో గుండ్రంగా రావాల్సింది ఆరు మూలల డబ్బాలా అయింది. నాలుగు వరసలు విప్పాను, రెండు ఆదివారాలు పోయాయి. ఇప్పుడు పెంచే చోటు ప్రతి వరసలో రెండు రింగులు పక్కకి జరుపుతున్నాను, పెంచిన రింగుకి ఎర్రదారం కడుతున్నాను. చెవుల పైదాకా వచ్చాక పెంచడం ఆపేస్తే గొలుసు దానంతటదే నిలువుగా జారుతుంది.

ఇంకో సంగతి, అల్యూమినియం చేతులకి నల్లగా అంటుతుంది. కోసిన రింగుల్ని పెద్ద సీసాలో వేసి, వేడినీళ్లు, గిన్నెల సబ్బు పోసి పది నిమిషాలు గిలకొడుతున్నాను, నీళ్లు బొగ్గు రంగుకి తిరుగుతాయి. అలా గిలకొడుతూ ఉండగా ఆర్థర్ కొలువులోని నైట్ గవెయిన్ మీద రాసిన 'సర్ గవెయిన్, గ్రీన్ నైట్' అనే పాత ఇంగ్లండు కవిత గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. 14వ శతాబ్దం చివర్లో పేరు తెలియని కవి రాసిన 2,530 పంక్తులు అవి, 2021లో దేవ్ పటేల్ నటించిన సినిమాకి మూలం అదే. ఒళ్లంతా ఆకుపచ్చగా ఉండే గ్రీన్ నైట్ గొడ్డలి కింద, ఇచ్చిన మాట ప్రకారం మెడ పెట్టడానికి గవెయిన్ బయల్దేరే తెల్లవారుజామున, అతని గొలుసు చొక్కా రింగులకి పట్టిన తుప్పు వదిలేలా దొర్లించి తోమారని కవి ఒక పంక్తిలో చెప్తాడు. అప్పట్లో గొలుసు కవచాల్ని ఇసుకతో పీపాలో వేసి దొర్లించేవాళ్లు. చావుకి వెళ్తున్నవాడి చొక్కా తుప్పు సంగతి పట్టించుకున్న కవి ఎవరో గానీ, ఆ చొక్కాని దగ్గరగా చూసినవాడే.

రాత్రిళ్లు అల్లుతూ ఈ సినిమాలే మళ్లీ పెట్టుకుంటున్నాను, ఇప్పుడు నా కళ్లు ముందు గొలుసు ఎలా పడుతుందో చూస్తున్నాయి. స్కాట్లాండులో తీసి 1975లో విడుదల చేసిన, ఆర్థర్ కథని ఆటపట్టించే హాస్య సినిమా మాంటీ పైథాన్ హోలీ గ్రెయిల్‌లో నైట్ల గొలుసంతా ఊలుతో అల్లి వెండి రంగు పూసిందే, మోచేతి దగ్గర స్వెటర్‌లాగా ముడతలు పడుతుంది. లోహం అలా ముడతపడదు, మోచెయ్యి ఎత్తగానే జర్రున జారి కిందికి పోతుంది. ఆ నటులు వానలో అది నీళ్లు పీల్చి ఎంత చలి పెట్టిందో తర్వాత చెప్పుకున్నారు. ఫ్రెంచి దర్శకుడు బ్రెసాన్ 1974లో ఆర్థర్ నైట్ లాన్సెలాట్ మీద తీసిన సినిమా అయితే చెవులతో చూడాలి, మనిషి కదిలితే చాలు కవచం గలగలమంటూనే ఉంటుంది. నా ముసుగు చప్పుడు తేలిక, జేబులో చిల్లరలాగా ఉంటుంది. ఇదే ఇనుముతో చేస్తే దాదాపు మూడింతల బరువు, చప్పుడూ ముదురుగా వస్తుంది. వచ్చేసారి చేసేది ఇనుముతోనే.

ప్రస్తుతం సమస్య మెడ. తమ్ముడి తల చుట్టుకొలత 58 సెంటీమీటర్లు, మెడ 38. మెడకి సరిపడా తగ్గిస్తే తల దూరదు, తలకి సరిపడా వదిలేస్తే గడ్డం కింద సంచిలా వేలాడుతుంది. గడ్డం కింది నుంచి పది సెంటీమీటర్లు చీలిక వదిలి తోలు తాడుతో కట్టేలా చేద్దామనుకుంటున్నాను. లోపలికి దూది పెట్టి కుట్టిన టోపీ అమ్మ కుడతానంది, దాని మందం కలుపుకుని కొలతలు మళ్లీ తీయాలి. ఆదివారం మిగతా తీగ చుట్టేస్తాను. తోలు తాడు తడిసినా సాగకుండా ఉండాలంటే ఏది కొనాలో తెలిసినవాళ్లుంటే చెప్పండి.