ఎండలో తొమ్మిది రూపాయలు, మంచులో పదమూడు

పోయిన దాళ్వా కోతలప్పుడు అమెరికా నుంచి మా మరిది ఫోన్ చేశాడు. మిస్సోరిలో వాళ్ళింటి వెనక ఏడెకరాల గడ్డి చేను ఉంది. పక్కాయన పాత ట్రాక్టర్ తెచ్చుకుని గడ్డి కట్టలు కడుతున్నారట. "వదినా, మాది గ్యాస్ ట్రాక్టర్. మీ డీజిల్ బండికి కట్టకి ఎంత పడుతోంది?" అన్నాడు.

గ్యాస్ అంటే సిలిండర్ గ్యాస్ అనుకున్నాను. అక్కడ పెట్రోలునే గ్యాస్ అంటారట. అది సరే గానీ, కట్టకి ఎంత పడుతోందో నేను చెప్పలేకపోయాను. కోతలయ్యాక వరి గడ్డి కట్టలు కట్టే కిరాయి పని మాది. ట్రాక్టర్ మా ఆయన తోలతారు, లెక్క నేను రాస్తాను. పుస్తకం తీస్తే "డీజిల్ 3,000", "డీజిల్ 2,500" అని వరసగా ఉన్నాయి. ఎన్ని కట్టలకి, ఎన్ని గంటలకి అన్నది ఎక్కడా లేదు. కట్టకి ముప్ఫై రూపాయలు కిరాయి తీసుకుంటూ, అందులో డీజిల్ ఎంత తింటోందో తెలియకుండా మూడేళ్ళు గడిపేశాం.

మర్నాడే కొలవడం మొదలుపెట్టాను. బండిని చదునైన చోట ఆపి, ట్యాంకు మెడ దాకా పోయించాలి. డీజిల్ పోస్తుంటే నురగ పైకి తన్నుకొస్తుంది. నిండిందనుకుని అక్కడే ఆపేస్తే లీటరు పైనే తేడా వస్తుంది. నురగ చప్పబడే దాకా ఆగి, మళ్ళీ కాస్త పోసి, మెడ లోపలి అంచుకి తగిలాక మూత పెట్టాలి. సాయంత్రం బండిని అదే చోట నిలబెట్టి, మళ్ళీ అదే అంచు దాకా ఎన్ని లీటర్లు పట్టిందో చూస్తే, అదే ఆ రోజు ఖర్చు.

మొదటి రోజు ఊళ్ళోనే అయిదెకరాలు. కోత మిషన్ వెళ్ళి మూడు రోజులైంది, గడ్డి గలగలమంటోంది. మాది 42 హెచ్‌పీ బండి, వెనక గుండ్రటి కట్టలు కట్టే బేలర్. ఏడున్నర గంటల్లో 325 కట్టలు పడ్డాయి. 30 లీటర్లు పట్టింది. మా బంకులో లీటరు 97 రూపాయల 50 పైసలు. కట్టకి సరిగ్గా తొమ్మిది రూపాయలు.

రెండో రోజు పక్క ఊళ్ళో మూడున్నర ఎకరాలు. ఆ రైతుగారు తొందరపెట్టారని పొద్దున్న ఏడింటికే దిగాం. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. నేను గుప్పెడు తీసి మెలిపెట్టి చూశాను. ఆరిన గడ్డి కణుపు దగ్గర పుటుక్కున తెగాలి, ఇది తాడులా సాగింది. బేలర్ ముందు ముద్దలు కట్టి మూడుసార్లు ఇరుక్కుంది. ఇరుక్కున్న ప్రతిసారీ ఆపి, చేత్తో లాగి, మళ్ళీ రేసు పెంచడమే. పదకొండు దాటాక గానీ పని సాఫీగా సాగలేదు. 190 కట్టలకి 26 లీటర్లు అయింది. కట్టకి పదమూడు రూపాయల పైన!

అదే పని పెట్రోలు ట్రాక్టర్‌తో చేస్తే ఎంతవుతుంది? అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో 1920 నుంచి ట్రాక్టర్లను పరీక్షించి కొలతలు రాస్తున్నారు. వాటి ఆధారంగా అక్కడి యూనివర్సిటీలు వేసే అంచనాలో, డీజిల్ 44 లీటర్లు పట్టే పనికి పెట్రోలు 60 లీటర్లు పడుతుంది. లీటరుకి లీటరు చూసినా డీజిల్‌లోనే శక్తి ఎక్కువ. పైగా డీజిల్ ఇంజన్ గాలిని చాలా గట్టిగా నొక్కుతుంది, అందుకని అదే ఇంధనం నుంచి ఎక్కువ పని రాబడుతుంది. గడ్డి కట్టడం దమ్ము చెయ్యడం లాంటిది కాదు, ఇంజన్ మీద బరువు తక్కువ. బరువు తక్కువున్నప్పుడు పెట్రోలు ఇంజన్ గాలి దారి సగం మూసుకుని పీల్చుకోవాలి, ఆ పీల్చడానికే కొంత ఇంధనం పోతుంది. కాబట్టి మా మొదటి రోజు 30 లీటర్లకి బదులు 41 లీటర్ల పెట్రోలు కావాలి. మా దగ్గర అప్పటికి లీటరు 109 దాటింది. కట్టకి పద్నాలుగు రూపాయలకి కాస్త తక్కువ.

ఈ అంకె వేశాక రెండో రోజు లెక్క మళ్ళీ చూసుకున్నాను. ఇంధనమే మార్చేస్తే పెరిగేంత ఖర్చు దాదాపుగా, పొద్దుటి మంచు ఒక్కటే తెచ్చిపెట్టింది!

మరిది లెక్క వేరు. అక్కడ చాలా చోట్ల డీజిల్ కన్నా పెట్రోలే చవక. కానీ పొలం పనికి ఎర్ర రంగు కలిపిన డీజిల్ రోడ్డు పన్ను లేకుండా దొరుకుతుంది. మనకి ఆ వెసులుబాటు లేదు. రోడ్డు మీద కారుకి పోసే డీజిలే, అదే రేటుకి, మన చేలోనూ పొయ్యాలి. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మరి యానాం వెళ్ళి పోయించుకోవచ్చుగా అంటారు మా వాళ్ళు. మాది ముమ్మిడివరం పక్కన. ఎదుర్లంక వంతెన దాటితే యానామే, మాకు 18 కిలోమీటర్లు. అది పుదుచ్చేరి కిందది కాబట్టి లీటరుకి సుమారు పది రూపాయలు తక్కువ. 50 లీటర్ల ట్యాంకుకి 500 మిగులుతుంది. కానీ రానూ పోనూ 36 కిలోమీటర్లు ట్రాక్టర్ నడిస్తే ఏడు లీటర్లు దానికే పోతాయి, అంటే 600 పైనే. మోటర్ సైకిల్ వాళ్ళకి కుదురుతుంది, మాకు కుదరదు.

గ్యాస్ సంగతీ ఆలోచించాను. కోనసీమ నేల కిందంతా గ్యాసే. 1995లో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలల పైన మండింది, ఆ మంటల మాట మా ఇళ్ళల్లో ఇప్పటికీ వస్తుంది. 2021 ఫిబ్రవరిలో ఢిల్లీలో, డీజిల్ నుంచి సీఎన్‌జీకి మార్చిన ట్రాక్టర్‌ని కేంద్ర మంత్రి గడ్కరీ గారు ఆవిష్కరించారు. ఏడాదికి లక్ష పైన ఆదా అన్నారు. వింటే ఆశ పుట్టింది. కానీ మా 50 లీటర్ల డీజిల్‌కి సరిపడా గ్యాస్ మోయాలంటే రెండు వందల లీటర్ల పైన జాగా ఉన్న సిలిండర్లు కావాలి. అంత బరువు మా నల్లరేగడిలో తడి ఆరని మూల దిగబడితే? గ్యాస్ పొలం దాకా రాదు, బండే బంకుకి పోవాలి. యానాం లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

అందుకని డీజిల్ బండితోనే మూడు పనులు మార్చాం. తొమ్మిదిన్నర ముందు చేలో దిగట్లేదు. గడ్డి పల్చగా ఉన్న చోట పై గేరు వేసి రేసు తగ్గిస్తున్నారు మా ఆయన. రైతుతో మాట్లాడేటప్పుడు ఇంజన్ ఆపమని నేనే పోరుతున్నాను. పుస్తకంలో కొత్తగా మూడు గళ్ళు గీశాను: కట్టలు, లీటర్లు, దిగిన టైము.

మరిదికి ఈ అంకెలన్నీ వాట్సాప్‌లో పెట్టాను. వాళ్ళవి పలకల కట్టలు, మావి గుండ్రటివి. మా కట్ట 16 కిలోలు తూగింది. వాళ్ళది ఎంత తూగుతుందో తూచి పంపమన్నాను, ఇంకా పంపలేదు.