నాన్న చెవులు, నా కళ్లు

ఫిబ్రవరి 4, తెల్లవారుజామున అయిదుంబావు. నాన్న నా గది గుమ్మంలో నిలబడి "అమ్మా, పెద్ద నల్లంచి మొదలుపెట్టింది" అన్నారు. లేచి వరండాలోకి వెళ్లాను. చీకట్లో చెట్లు కూడా సరిగా కనిపించడం లేదు. ఎక్కడో ఎత్తున, బహుశా నీళ్ల ట్యాంకు మీద, ఒక ఈల. కాస్త ఆగి మళ్లీ అదే ఈల, ఈసారి చివర చిన్న మెలికతో. తెల్లవారేదాకా అది ఆగలేదు, మేమూ కదల్లేదు.

ఆ పిట్ట చలికాలమంతా మా పెరట్లోనే ఉంది. కుండీల మధ్య తోక నిక్కించుకుని గెంతుతూ, పురుగులు ఏరుకుంటూ తిరిగేది. మనిషి దగ్గరికి వెళ్తే గొంతులో ఒక గరగర తప్ప పాటన్నదే లేదు. ఇప్పుడు ఒక్కసారిగా ఎత్తు వెతుక్కుని పాడుతోంది. నాకు మాత్రం గాలిలో ఏ మార్పూ తెలియలేదు. ముందురోజు ఎంత చలి ఉందో ఆ రోజూ అంతే ఉంది.

మారింది పగటి పొడవు. పక్షుల మెదడు లోపల వెలుతురును పసిగట్టే కణాలు ఉంటాయి. కళ్లతో సంబంధం లేకుండానే, తల మీద పడిన వెలుతురు పుర్రె గుండా ఆ కణాలను చేరుతుంది. పగలు పెరుగుతోందని వాటికి అలా తెలుస్తుంది. 1920లలో కెనడాలో విలియం రోవన్ అనే జీవశాస్త్రవేత్త జుంకో అనే చిన్న పక్షులను గడ్డకట్టే చలిలో ఆరుబయట పంజరాల్లో ఉంచి, దీపాలతో వాటి పగటిని రోజుకు కొద్ది నిమిషాల చొప్పున పెంచుతూ పోయాడు. అంత చలిలోనూ వాటి శరీరాలు వసంతం వచ్చినట్టే జత కట్టడానికి సిద్ధమయ్యాయి. ఇది నాన్నకు చదివి వినిపించినప్పుడు ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే కళ్లు లేకపోయినా వాటికి వెలుతురు తెలుస్తుందన్నమాట" అన్నారు.

నాన్నకు గ్లాకోమా. ఎనిమిదేళ్లుగా వెలుగు, నీడ తప్ప మరేమీ కనిపించదు. నాకు పక్షులను చూపించింది ఆయనే. ఇప్పుడు ఆయన వింటారు, నేను చూస్తాను, మా ఇద్దరిదీ ఒకటే నోటు పుస్తకం. అందులో పెద్ద నల్లంచి తొలిపాట పోయిన ఏడాది ఫిబ్రవరి 9న ఉంది, అంతకుముందు ఏడాది 6న. మూడు తేదీలూ నాన్న చెప్పినవే. నేనొక్కదాన్నే అయితే మూడేళ్లూ నిద్రపోయి ఉండేదాన్ని.

ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. 1998లో మొదలై, 2013 నుంచి ప్రపంచమంతటా జరుగుతున్న పక్షుల లెక్క ఇది. ఉన్నచోటే కనీసం 15 నిమిషాలు గడిపి, గుర్తుపట్టిన పక్షులన్నింటినీ నమోదు చేస్తే చాలు. కంటితో చూసినవే కానక్కర్లేదు, గొంతు విని గుర్తుపట్టినా లెక్కే. ఈ నియమం నాకు ఎంతో ఇష్టం. ఈ ఏడాది మేము మేడ మీద కూర్చున్న మొదటి పావుగంటలో పదకొండు రకాలు వస్తే, వాటిలో నాలుగు నాన్న ఒక్కరే పట్టినవి. అందులో ఒకటి గోడ అవతల, నేను ఎంత వంగి చూసినా కనిపించని జెముడుకాకి. దాని గొంతు లోతుగా, కుండలోంచి వస్తున్నట్టు ఉంటుంది.

అయితే వయసుతో చెవులు కూడా కొన్నింటిని వదిలేస్తాయి. మొదట పోయేవి సన్నని, ఎత్తైన స్వరాలు. కోయిల, జెముడుకాకి, కాకి ఆయనకు స్పష్టంగా వినిపిస్తాయి. తేనెపిట్ట వినిపించదు. ఆ సంగతి నాకు తెలిసింది పోయిన ఏడాదే. మందార కొమ్మ మీద, మాకు మూడడుగుల దూరంలో, మగ తేనెపిట్ట గొంతు చించుకుని పిలుస్తుంటే నాన్న "ఈసారి తేనెపిట్టలు రాలేదేమిటమ్మా?" అని అడిగారు. అప్పటి నుంచి తేనెపిట్ట పూర్తిగా నా బాధ్యత.

కాబట్టి దాన్ని మామూలుగా చూస్తే సరిపోదు. చెప్పడానికి చూడాలి. చలికాలంలో మగది కూడా ఆడదానిలాగే పసుపు పొట్టతో ఉంటుంది, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్ల గీత మాత్రం అదనం. ఇప్పుడు ఈకలు మార్చుకుంటోంది. ఫిబ్రవరి రెండో వారంలో పసుపు మీద సిరా చిలకరించినట్టు మచ్చలు వచ్చాయి. మార్చి మొదటికి పసుపు అక్కడక్కడ మాత్రమే మిగిలింది. ఎండ పడితే ఊదా, నీలం మెరుపు, నీడలోకి వెళితే ఉత్త నలుపు. "పసుపు అంటే ఏ పసుపు? చామంతా, నిమ్మా?" అని నాన్న అడుగుతారు. ఊహకు చెబితే ఒప్పుకోరు. మళ్లీ వెళ్లి చూసి వస్తాను. నిమ్మపండు పసుపే, పక్కలకు వెళ్లేకొద్దీ పాలిపోతుంది.

ఈ రోజుల్లో అది మోటార్ సైకిల్ అద్దంలో తనను చూసుకుని మరో మగపిట్ట అనుకుని పోట్లాడుతుంది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ముక్కుతో అద్దాన్ని పొడుస్తూనే ఉంటుంది. పది గ్రాములు కూడా లేని ప్రాణికి అది ఎంత శ్రమ! మేము రెండు అద్దాలకూ పాత గుడ్డ సంచులు తొడిగాం. మీ వాకిట్లోనూ ఇలా జరుగుతుంటే దయచేసి అద్దం కప్పండి. ఒక్క నిమిషం పని.

మిగతా పెరడు కూడా ఊరుకోలేదు. ఉడుత గుమ్మం ముందున్న కొబ్బరిపీచు పట్టాను రోజూ కాస్త కాస్త పీకి, నోటినిండా కుక్కుకుని అటక మీదికి తీసుకెళుతోంది. దానికి అడ్డు చెప్పదలచుకోలేదు, పట్టా ఎలాగూ పాతదే. నిమ్మమొక్క లేత ఆకుల మీద సీతాకోకచిలుక గొంగళిపురుగులు నాలుగు ఉన్నాయి. చిన్నవిగా ఉన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా కనిపిస్తాయి కనుక వాటి జోలికి ఎవరూ పోరు. కాకులు పుల్లలు మోస్తున్నాయి. కోయిల అప్పుడే వాటి వెనక తిరుగుతోంది. చుక్కల చుక్కల గోధుమరంగు ఆడకోయిలను నేను రెండుసార్లు చూశాను. కూత వినగానే అందరూ వెతికేది నల్లటి మగదాన్నే. కాకి గూట్లో గుడ్డు పెట్టే సాహసం మాత్రం ఆడదానిది.

వెళ్లిపోయేవాళ్ల గురించి కూడా రాయాలి. చలికాలమంతా మేడ మీద తోక ఆడిస్తూ పరుగులు తీసిన తెల్లని చిన్న పిట్ట, నాన్న దాన్ని తోకాడించే పిట్ట అనే అంటారు, ఇప్పుడు లేదు. వచ్చిన తేదీ పుస్తకంలో ఉంది. వెళ్లిన తేదీ లేదు. ఆఖరిసారి చూస్తున్నప్పుడు అదే ఆఖరిసారని తెలియదు కదా. పోయిన ఏడాది ఇది బాధపెట్టింది కనుక ఈసారి ఫిబ్రవరి నుంచి రోజూ "ఉంది" అని రాస్తూ వచ్చాను. మార్చి 11న "ఉంది" అని రాసి ఉంది. ఆ తర్వాతి గడులు ఖాళీ.

ఇక కంసాలి పిట్ట. ఈ వసంతం మాకు దానిదే.

పిచ్చుక కన్నా కొంచెం పెద్దది, బొద్దుగా, ఆకుపచ్చగా ఉంటుంది. రాగిపాత్ర మీద చిన్న సుత్తితో కొట్టినట్టు టుంక్, టుంక్, టుంక్ అని ఆగకుండా కూస్తుంది. ఒకరోజు నేను గడియారం చూస్తుంటే నాన్న వేళ్లతో లెక్కపెట్టారు. నిమిషానికి 108. కూసేటప్పుడు ముక్కు తెరవదు, గొంతు ఉబ్బుతుంది, తల అటూ ఇటూ తిరుగుతుంది. అందుకే చప్పుడు ఒకసారి ఈ చెట్టు నుంచి, ఒకసారి ఆ చెట్టు నుంచి వస్తున్నట్టు ఉంటుంది. కంటితో వెతికేవాళ్లను అది తేలిగ్గా తప్పుదారి పట్టిస్తుంది. నన్నూ పట్టించింది.

ఫిబ్రవరి 26న నాన్న కుర్చీలో ముందుకు వంగి "ఇది గొంతు కాదు. ముక్కు" అన్నారు. నాకు ఏ తేడా తెలియలేదు. "చెక్క మీద కొడుతోంది. వేపచెట్టుకు ఎడమ పక్క, మేడ అంచు కన్నా కొంచెం పైన." ఆ దిక్కున ఉన్నది ఎండిపోయిన కొమ్మ ఒకటి. పైనుంచి ఎంత చూసినా ఏమీ లేదు. కిందికి దిగి, చెట్టు కింద నిలబడి తలెత్తితే అప్పుడు కనిపించింది. కొమ్మ అడుగుభాగాన, రూపాయి నాణెం కన్నా కొంచెం పెద్దగా గుండ్రటి రంధ్రం, అందులోంచి రాలుతున్న చెక్కపొట్టు. ఇవి తమ గూటిని తామే తొలుచుకుంటాయి, ఆడా మగా వంతులు వేసుకుని. తొలవడానికి ఎండిన, మెత్తబడిన కొమ్మ కావాలి. పచ్చి కొమ్మ వాటికి పనికిరాదు.

ఆ కొమ్మనే ఆ వారంలో కొట్టించాలని పక్కింటివారు అనుకున్నారు. వాళ్ల భయం నిజమైనదే. దాని కింది నుంచి పిల్లలు నడుస్తారు. నాన్న నా చెయ్యి పట్టుకుని వాళ్లింటికి వచ్చారు. కొమ్మ వద్దని అడగలేదు. "రంధ్రం దాకా ఉంచి, దారి మీదికి వచ్చిన ముక్క తీయించండి" అన్నారు. ఆ ఇంటి పెద్దాయన బయటికి వచ్చి, నేను చూపించిన చోట తలెత్తి చాలాసేపు చూశారు. లోపలి నుంచి ఎర్రని నుదురు ఒకటి బయటికి వచ్చి, ఆయన్ని చూసి, వెనక్కి వెళ్లింది. మర్నాడు దారి మీది భాగం మాత్రమే కోయించారు. రెండు మూరల మోడు మిగిలింది.

రంపం చప్పుడుకు పిట్టలు వెళ్లిపోయాయి. ఒకటిన్నర రోజు ఏమీ లేదు. నేను కిటికీ వదల్లేదు, నాన్న మేడ దిగలేదు. రెండో రోజు నాలుగు గంటలప్పుడు ఆయన చెయ్యి ఎత్తి నన్ను ఆపారు.

"గొంతా, ముక్కా?" అని అడిగాను.

"ముక్కు."

కిందికి పరుగెత్తాను. పొట్టు రాలుతోంది. బైనాక్యులర్ పెట్టి చూసి, అక్కడి నుంచే పైకి కేకేశాను. "ఉంది నాన్నా! తల బయటపెట్టింది. నుదురు ఎర్రగా మెరుస్తోంది."

మేడ మీది నుంచి జవాబు వచ్చింది. "ఎరుపు అంటే ఏ ఎరుపు?"

మళ్లీ బైనాక్యులర్ ఎత్తాను.