పాయింటు పెట్టేవారు, మిత్తి కట్టేవారు

మా అన్న నల్గొండ జిల్లా మర్రిగూడ వైపున్న చెలకలో మూడో బోరు వేయించిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. నీళ్లు చూసే ముసలాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, కాయ నిటారుగా లేచిన చోట పాయింటు పెట్టాడు. రిగ్గు ఆరు వందల అడుగుల దాకా పోయినా దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. మొదటి రెండు బోర్ల అప్పే మిత్తితో కలిసి ఇంకా మెడ మీద ఉంది. ఆ సాయంత్రం నేను భూతాపం సంగతి ఎత్తితే అన్న విసుక్కుంటూ, "సైంటిస్టులకే ఖరారుగ తెల్వదంటున్నరు, ఇప్పటిసంది మనమెందుకు ఆగం కావాలె తమ్మీ?" అన్నాడు.

కొబ్బరికాయ మాట మీద లక్షలు పోసిన మనిషి ఖరారు గురించి అడుగుతున్నాడే అని ముందు నవ్వొచ్చింది. కానీ ఆయన ప్రశ్న నవ్వి తోసేయదగ్గది కాదు. శాస్త్రంలో నిజంగానే కొంత ఖరారు కానిది ఉంది, అయితే అది ఎక్కడ ఉందన్నది చూడాలి. భూమి వేడెక్కడానికి మనుషులే కారణమన్న విషయంలో సందేహానికి తావు లేదని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నియమించిన నిపుణుల సంఘం 2021లోనే తేల్చింది. తేలనిది ఎంత అన్నదే. గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపైతే వేడి ఒకటిన్నర నుంచి నాలుగున్నర డిగ్రీల దాకా పెరగవచ్చని 1979 నాటి అంచనా చెప్పింది. 2021 నాటికి అదే అంచనా రెండున్నర నుంచి నాలుగు డిగ్రీలకు కుదించుకుంది. నలభై ఏళ్ల పరిశోధనలో పైహద్దు కొంత దిగిన మాట నిజమే, కానీ 'ఏమో, ఒకటిన్నరతోనే పోతుందేమో' అన్న ఆశకు చోటు అంతకంటే ఎక్కువ తగ్గింది.

అదీగాక, ఎంతో తెలియకపోవడం జాగ్రత్త పడడానికే కారణమవుతుంది. ఆనకట్ట కట్టేవారు సగటు వరదను చూసుకుని కట్టరు. 2009లో వానాకాలమంతా కరువుతో అల్లాడిన పాలమూరులో అక్టోబర్ మొదట్లో అలంపూర్, రాజోలి నీట మునిగాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి పడింది. ఆ ఒక్క వరదను భూతాపం ఖాతాలో వేయమని నేననను. కానీ అంత వరద వస్తుందని ఎవరూ ఖరారుగా చెప్పలేదన్న సాకు అలంపూర్‌ను కాపాడలేదు.

నన్ను ఎక్కువగా తొలిచేది ఇంకొకటి. అన్న బోరు విషయంలో పాయింటుకు ఒప్పుకున్నదీ ఆయనే, మిత్తి కట్టేదీ ఆయనే. ఆ తెగింపు మంచిదో చెడ్డదో ఆయన ఇష్టం. భూతాపంలో తెగించేవారు ఒకరు, కట్టేవారు ఇంకొకరు. ఈ తేడా మా ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కర్లేదు. గ్రానైటు పొరల్లోంచి తోడిన నీళ్లు తాగి మర్రిగూడ, నాంపల్లి, చండూరు ఊళ్లలో వెన్ను వంగినవారిలో ఎందరో, బావి ఎక్కడ తవ్వాలో నిర్ణయించిన తరం వారు కారు, వారి పిల్లలు. నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచుతుందని 1937లోనే నెల్లూరు ప్రాంతాన్ని పరిశీలించిన వైద్యులు రాశారు. పటిక, సున్నంతో నీటిని శుద్ధి చేసే పద్ధతికి మా జిల్లా పేరు పడినది 1970లలో గానీ కాదు. తవ్విన తాతలకు తెలియదు కాబట్టి వారిని తప్పుపట్టలేను. మనకు ఆ మినహాయింపు లేదు.

సుప్రీంకోర్టు 1996లో తమిళనాడు తోళ్ల శుద్ధి కేసులోనూ, 1999లో హైదరాబాద్ జంట జలాశయాల కేసులోనూ ఈ సంగతినే చట్టం భాషలో చెప్పింది: హాని ఖాయంగా తేలలేదన్నది జాగ్రత్తలు వాయిదా వేయడానికి కారణం కాకూడదు, హాని లేదని చూపవలసిన భారం ఆ పని చేయదలచినవారిదే.

దీనికి అన్న దగ్గర జవాబు ఉంది. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టారు కదా, దాన్ని వద్దంటావా, నా మోటారుకు కరెంటు నువ్విస్తావా అన్నాడు. నేను తడుముకున్నాను. మన దేశంలో తలసరి బొగ్గుపులుసు వాయువు ఏడాదికి సుమారు రెండు టన్నులు. అమెరికాలో దానికి ఆరేడు రెట్లు. ఐదు హార్స్‌పవర్ల మోటారు రైతునూ, పట్నంలో రెండు ఏసీలు పెట్టుకున్న నన్నూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అయితే ఆ రెండు టన్నుల సగటు వెనుక దాక్కుంటున్నది అన్న కాదు, నేనే. ఈ మాట ఆయనతో అన్నాను. ఆయన ఏసీల సంగతి మాత్రం గుర్తుపెట్టుకుని వదినకు చెప్పి నవ్వాడు.

నాలుగో బోరు వేయలేదు. ఈ యాసంగిలో వరి మానేసి, ఉన్న పాత బోరు కింద రెండెకరాల్లో ఆరుతడిగా వేరుశనగ పెట్టాడు. భూతాపం కోసమా అని అడిగాను. "కాదు, ఇంకో బోరేసి లోతుకు పోతే పక్క చేను వాళ్లది ఎండుతదేమో" అన్నాడు. ఎండుతుందని ఖరారుగా ఆయనకూ తెలియదు.