డ్రాయర్‌లో చీటీ

టార్చిలో బ్యాటరీలు వేద్దామని డ్రాయర్ వెతుకుతుంటే ఆక్సీమీటర్ దొరికింది. వేలు పెట్టి చూశా, వెలగలేదు. మూత తీస్తే లోపలి బ్యాటరీలు కారిపోయి పచ్చగా చిలుం పట్టి ఉంది.

సరిగ్గా అప్పుడే అక్క ఫోన్. "నిజం చెప్పనా, లాక్‌డౌన్ రోజులే బాగున్నాయే, ఇంటిల్లిపాదీ ఒక్కచోట ఉన్నాం" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరికి బాగున్నాయట? 2020 ఏప్రిల్‌కల్లా ప్రపంచంలో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులకి బడి మూతపడిందని యునెస్కో లెక్క. చదువు ఆన్‌లైన్‌లోకి వెళ్లింది అని తేలిగ్గా అనేసుకున్నాం గానీ, బడి ఈడు పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి ఇంట్లో ఇంటర్నెట్టే లేదని ఆ డిసెంబర్‌లో యునిసెఫ్ చెప్పింది. ఇంట్లోంచి కదలొద్దన్నారు సరే, సరుకులు గుమ్మం దాకా తెచ్చిచ్చేవాడు ఎవరింట్లో కూర్చోవాలి? అంతెందుకు, ఈ ఆక్సీమీటరే ఒంటి రంగు నల్లగా ఉన్నవాళ్లకి ఒక్కోసారి ఉన్నదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ చూపిస్తోందని 2020 చివర్లో అమెరికా డాక్టర్లు బయటపెట్టారు. ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అని మనం చూసుకున్నది ఆ అంకే కదా! ఇదంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పా. "సరేలే తల్లీ" అని పెట్టేసింది.

ఇప్పుడు పదకొండున్నర, నిద్ర రావట్లేదు. ఇందాకటిదాకా అక్క మీద కోపమే అనుకున్నా. కాదు.

ఆక్సీమీటర్ కింద ఒక చీటీ కూడా ఉంది. వైఫై పాస్‌వర్డ్, దాన్ని కొట్టేసి కింద ఇంకోటి, నా రాతే. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు అప్పుడు తొమ్మిదో తరగతి. మా వైఫై అందుతుందని వాళ్లమ్మ ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చునేది. తెర పగిలి ఒక మూల అక్షరాలు కనపడక ఫోన్‌ని ఏటవాలుగా తిప్పి చదివేది. టీచర్ పేరు పిలిస్తే "ప్రెజెంట్" అనేది మెల్లిగా, మాకు వినపడకూడదన్నట్టు. ఒకరోజు మావాడి పరీక్ష మధ్యలో ఆగిపోయింది. ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చేశా. మర్నాడు ఆ పిల్ల వచ్చి ఫోన్‌ని అటూ ఇటూ పైకెత్తి చూసుకుని, కాసేపు ఊరికే కూర్చుని వెళ్లిపోయింది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. ఆ తర్వాత రాలేదు. వాళ్లమ్మా అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ రోజు వైఫైకి ఏమీ కాలేదట, ఆట కోసం తనే కట్ చేశాడట. ఏడాది తర్వాత మావాడే నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వా.

అక్క అన్నదాంట్లో అబద్ధమేం లేదు, మాకు బాగానే గడిచాయి ఆ రోజులు.

పొద్దున్నే ఆవిడ పనికొస్తుంది. కూతురు ఏం చదువుతోందని ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు నేను.