గరిటకమ్మకు పడిన శిక్ష

ఎదురింటి మామకు ఖాళీ జాగా కంటపడితే చేతులు ఊరుకోవు. ఈరోజు పొద్దున్నే ఒక కుర్రవాడిని పిలిపించి, మా గోడ పక్కన పెరిగిన వయ్యారిభామ (పార్థీనియం) కలుపుకంతా గడ్డిమందు కొట్టించాడు. దాని నడుమ గుంపుగా పూసి ఉన్న గరిటకమ్మ కూడా ఆ మందులోనే తడిసింది. సాయంత్రానికి కొమ్మలన్నీ మెలితిరిగిపోయాయి.

గరిటకమ్మ అంటే సహదేవి. మన నేలలో పుట్టిన ఏకవార్షిక మొక్క. చామంతి కుటుంబానిదే అయినా దీని పువ్వుకు చుట్టూ రేకులుండవు. కందిగింజంత ఊదారంగు పువ్వుగా మనకు కనిపించేది నిజానికి ఇరవై దాకా సన్నని గొట్టపు పువ్వులు ఒక్కచోట చేరిన గుత్తి. ముదిరాక ఒక్కొక్క గింజ తెల్లని కుచ్చుతో గాలికి లేచిపోతుంది. కేరళవారు దశపుష్పాలనే తమ పది పవిత్ర మొక్కలలో దీనికి చోటిచ్చారు, మా జేజి జ్వరానికి దీనితోనే కషాయం కాచేది. మా కాలనీలో మాత్రం వయ్యారిభామ పక్కన నిలబడినందుకు దానికీ అదే శిక్ష పడింది.

ఇంత కోపంతో మొదలుపెట్టాను గానీ, వయ్యారిభామ పేరు రాయగానే 2000 నాటి ఖరీఫ్ కళ్ళముందుకు వచ్చింది. ఆ ఏడు మా శెనక్కాయ చేను బాగా మొలిచి, ఉన్నట్టుండి చిగుళ్ళు మాడి, కాండం నల్లబడి, సాళ్ళకు సాళ్ళు చచ్చిపోయింది. నాయన మొవ్వుకుళ్ళు అనే తెగులు అనుకుని అప్పు చేసి మందులు కొట్టాడు. పక్క చేను పోయింది, దాని పక్కదీ పోయింది. అనంతపురం జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతిన్నది. అది మొవ్వుకుళ్ళు కాదని, టొబాకో స్ట్రీక్ వైరస్ అని శాస్త్రవేత్తలు తరువాత తేల్చారు. గట్ల మీది వయ్యారిభామ తనకు ఏ జబ్బూ లేనట్టే కనిపిస్తూ ఆ వైరస్‌ను పుప్పొడిలో మోస్తుంది. ఆ పుప్పొడి అంటిన తామర పురుగులు (త్రిప్స్ అనే సన్నని పురుగులు) వేరుశనగ ఆకును గీకినప్పుడు, ఆ గాయాల గుండా వైరస్ లోపలికి చేరుతుంది. ఆ ఏటి అప్పుల సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరమూ ఎత్తము.

కనుక మామను పూర్తిగా తిట్టలేకపోతున్నాను. అమెరికా ఖండం నుంచి వచ్చి, 1950లలో పుణె వైపు తొలిసారి కంటబడి, దేశమంతా పాకిన ఆ మొక్క మీద నాకూ పగే ఉంది. అయితే ఆ పని చేయవలసినది పూతకు ముందు. తెల్లగా విరబూసి, పుప్పొడి ఎగిరి, గింజ నేలకు రాలిన తరువాత మందు కొడితే ఆ మొక్క మాత్రమే చస్తుంది; వచ్చే వానకు దాని సంతానం మళ్ళీ లేస్తుంది. లేతగా ఉన్నప్పుడే చేతులకు తొడుగులు వేయించి వేళ్ళతో సహా పీకించి ఉంటే, గరిటకమ్మ జోలికి పోవలసిన అవసరమే ఉండేది కాదు.

ఈ మాట మామతో అంటే "గ్రూపులో పెట్టమ్మా, అందరం చూద్దాం" అంటాడు. ఆ వాట్సాప్ గ్రూపులో ఆయన పెట్టిన ఫోటోలకు పొద్దున్నుంచి చప్పట్ల బొమ్మలు పడుతూనే ఉన్నాయి.