పదిహేడో వచనం

రాత్రి పదకొండున్నర. చిన్నది పడుకుంది, ఆయనా పడుకున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు. మధ్యాహ్నం నుంచి ఒకటే మాట చెవిలో తిరుగుతోంది. "సరేలేమ్మా, ఏం ఫర్లేదు." అన్నయ్య ఆ మాట కోపంగా అని ఉంటే నేనూ నాలుగు అనుకుని ఈపాటికి నిద్రపోయేదాన్ని. అతని గొంతులో కోపమే లేదు.

లంచ్ బెల్లు కొట్టాక ఫోన్ చేశాడు. స్టాఫ్ రూంలో అప్పుడే డబ్బా మూత తీశాను. 5 లక్షల చీటీ, నెలకు 20 వేలు, 25 నెలలు. తొమ్మిది నెలలు కట్టాడట, ఈ నెల పాటలో తనకు వచ్చిందట. డబ్బు చేతికి ఇవ్వాలంటే ముగ్గురు ష్యూరిటీలు కావాలన్నారు. ఇద్దరు దొరికారు. గవర్నమెంటు జీతం ఉన్నవాళ్లు ఇంకొకరు కావాలి. "నీ శాలరీ సర్టిఫికెట్టు, ఒక సంతకం, అంతేనమ్మా" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే నేనే అందుకున్నాను. "అన్నయ్యా, ఏమీ అనుకోకు. పొద్దున వాక్యంలో సరిగ్గా ఇదే వచ్చింది. ఎవరికీ పూటపడొద్దని, అంటే జామీను ఉండొద్దని, దేవుడే చెబుతుంటే నేనెలా పెట్టను సంతకం?"

అప్పుడన్నాడు ఆ మాట.

అబద్ధం మాత్రం చెప్పలేదు నేను. ఏ తేదీకి ఆ అధ్యాయం, బైబిల్లో సామెతల గ్రంథం నేను అలాగే చదువుతానని మీకు తెలుసుగా. నెలలో 31 రోజులు, ఆ గ్రంథంలో 31 అధ్యాయాలు, పెళ్లికి ముందు నుంచీ అదే అలవాటు. ఈరోజు 17. పొద్దున టీ పెట్టుకుని చదువుతుంటే 18వ వచనం కంటపడింది. "తెలివిమాలినవాడు తన పొరుగువానికి జామీను ఉండి పూటపడును." పొద్దున ఆ మాట, మధ్యాహ్నం ఈ ఫోను. ప్రభువు ముందే హెచ్చరించాడని నిజంగానే నమ్మాను. ఫోన్ పెట్టేశాక అన్నం కూడా బాగానే తిన్నాను.

సాయంత్రం ఆయనకు చెప్పాను, ఒక సాక్ష్యం చెప్పినట్టే చెప్పాను. ఆయన అంతా విని "డబ్బు దేనికట?" అన్నారు. అడగలేదన్నాను. కాసేపాగి, "సంతకం పెట్టకపోతే పోనీ, అది నీ ఇష్టం. కానీ నువ్వు పెట్టవని నాకు ముందే తెలుసు. పొద్దున నువ్వు వేరే అధ్యాయం చదివినా పెట్టేదానివి కాదు" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు, నాకే గుచ్చుకుంది. ఆ తర్వాత చపాతీలు మాడ్చాను, చిన్నదాన్ని ఊరికే కసిరాను.

గుచ్చుకోవడానికి కారణం ఉంది. పోయిన గురువారం స్త్రీల కూడికలో ఏం జరిగిందో ఇక్కడ రాయలేదు, రాస్తే కోపం ఎక్కువవుతుందని ఆగాను. ప్రార్థన అయ్యాక టీ తాగుతుంటే ఒకావిడ తన పనమ్మాయి సంగతి ఎత్తింది. ఆ పిల్లకు జ్వరమొచ్చి ఎనిమిది రోజులు రాలేదు. ఆ ఎనిమిది రోజుల డబ్బు కోసేసిందట. పైగా "పని చేయనివాడు తినకూడదని బైబిల్లోనే ఉంది కదండీ" అంది. నలుగురూ తలలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది. థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక మూడో అధ్యాయంలో ఆ మాట ఉన్నది నిజమే. కానీ అక్కడ ఉన్నది "పని చేయనొల్లని" వాడి గురించి. ఒళ్లు వంచడం ఇష్టం లేక, ఊళ్లో అందరి సంగతుల్లో తలదూరుస్తూ తిరిగేవాళ్ల గురించి రాశాడు పౌలు. తానే రాత్రింబగళ్లు పని చేసుకుని ఎవరికీ భారం కాకుండా బతికానని కూడా ఆ పక్కనే రాసుకున్నాడు. జ్వరంతో మూసిన కన్ను తెరవని పిల్లకూ ఆ మాటకూ ఏం సంబంధం? కోసిన ఆ డబ్బు ఆవిడకు లెక్కలోకి రాదు, ఆ పిల్ల ఇంట్లో అదే నెల బియ్యం. అంత మాటా నోటిదాకా వచ్చింది. "అక్కా, అక్కడ ఒల్లనివాడు అని ఉంది కదా" అని మాత్రం అన్నాను. ఆవిడ నవ్వేసి బిస్కెట్ల ప్లేటు నా వైపు జరిపింది. ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు ఆ కోపం పోలేదు. కోసుకోవాలని ముందే అనుకున్నావు, దానికి దేవుని చేత సంతకం పెట్టించుకుంటావా అని మనసులో ఎన్నిసార్లు అడిగానో.

ఈ రాత్రి అదే ప్రశ్న నా ముందుకొచ్చి కూర్చుంది.

నాది వేరు, నాకు కారణం ఉంది అని సర్దిచెప్పుకోబోయాను. కారణం నాన్న. 1992లో నేను ఏడో తరగతి. నాన్నతో క్వయర్‌లో పాడే స్నేహితుడు ఒకాయన ఫైనాన్సులో వ్యాను కొనుక్కున్నాడు. నాన్న ష్యూరిటీ పెట్టారు. ఆయన మా ఇంటికి వచ్చినప్పుడల్లా నాకు రస్కుల ప్యాకెట్టు తెచ్చేవాడు. ఆ ఏడు పరీక్షలప్పుడు అనుకుంటా, ఒక ఆదివారం క్వయర్‌లో ఆయన నిలబడే చోటు ఖాళీగా ఉంది. తర్వాత ఆదివారమూ అంతే. రాత్రికి రాత్రి సామాను సర్దుకుని వెళ్లిపోయారని తెలిసేసరికి ఫైనాన్సు వాళ్లు మా గుమ్మంలో ఉన్నారు. నాన్న జీతంలో కోత మొదలైంది. నాలుగేళ్లు. అమ్మ గాజులు రెండూ పోయాయి. ఆ క్రిస్మస్‌కి అందరి ఇళ్ల మీదా స్టార్లు వెలుగుతుంటే అమ్మ పాత పట్టుచీర కోసి నాకు లంగా కుట్టింది. క్యారల్స్ వాళ్లు అర్ధరాత్రి మా వాకిట్లో పాడుతుంటే నాన్న తలుపు తీయడానికి ఆలస్యం చేశారు. కానుక వేయడానికి చిల్లర వెతుక్కుంటున్నారని నాకు అప్పుడు తెలియదు. చివరికి ఐదు రూపాయలు వేశారు. వాళ్లు వెళ్లిపోయాక చాలాసేపు వరండాలోనే నిలబడ్డారు, చలిలో, భుజాన తువ్వాలు వేసుకుని.

మిగతా పిల్లలకు ఇంట్లో మొదట నేర్పేది 23వ కీర్తన. మా అమ్మ నా చేత సామెతలు ఆరో అధ్యాయం కంఠతా పట్టించింది. "నా కుమారుడా, నీ చెలికానికొరకు పూటపడినయెడల" అని మొదలవుతుంది. సండే స్కూల్లో అప్పజెబితే టీచరమ్మ ఆశ్చర్యపోయింది, ఇంత చిన్నపిల్లకు ఈ వచనాలెందుకని. మా ఇంట్లో ఎందుకో అందరికీ తెలుసు. ఆ గ్రంథంలో ఈ హెచ్చరిక ఒక్కసారి కాదు, ఆరు చోట్ల ఉంది. 6, 11, 17, 20, 22, 27 అధ్యాయాల్లో. అంటే నెలలో ఆరు రోజులు నాకు ఆ వరండా గుర్తొస్తుంది.

అయితే ఇప్పుడు, ఇది రాస్తుంటే, ఆరో అధ్యాయంలో అమ్మ గట్టిగా పలికించిన వచనాలు ఏవో గుర్తొస్తున్నాయి. మొదటిది కాదు. ఆ తర్వాతవి. చిక్కుకుంటే వెంటనే వెళ్లు, ఆ స్నేహితుణ్ని బతిమాలు, కంటికి కునుకు రానివ్వకు, వేటగాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకో అని ఉంటుంది. అమ్మ నాన్నతో రోజూ అనేది, "వెళ్లి అడగండి, హైదరాబాదులోనే ఉన్నాడట, వెళ్లి అడగండి." నాన్న వెళ్లలేదు. స్నేహితుణ్ని డబ్బు అడగడానికి ఆయనకు మొహమాటం. నాలుగేళ్లూ ఆ మొహమాటంతోనే కట్టారు. ఇన్నేళ్లూ ఆ సంతకమే మమ్మల్ని ముంచిందని అనుకుంటూ వచ్చాను. సగం ముంచింది ఆ మొహమాటమేమో అని ఈ రాత్రి అనిపిస్తోంది. నాన్న ఉంటే అడిగేదాన్ని.

సరే, నా మాట నిజమో కాదో చూసుకుందామని లేచి బైబిలు తెచ్చుకున్నాను. 17వ అధ్యాయం, 18వ వచనం. ఉంది, పొద్దున చదివినట్టే ఉంది. దాని మీదున్న లైను కూడా పొద్దున చదివే ఉంటాను. "నిజమైన స్నేహితుడు విడువక ప్రేమించును, అట్టివాడు దుర్దశలో సహోదరుడుగా నుండును." ఇది పదిహేడు. అది పద్దెనిమిది. రెండూ ఒకదాని కింద ఒకటి. నేను కింద ఉన్నది తీసుకెళ్లి అన్నయ్య ముందు పెట్టాను.

నాన్న చివర్లో ఆస్పత్రిలో ఉన్న పదకొండు రాత్రులూ బయట బెంచీ మీద పడుకున్నది ఎవరు? నాకు తోడబుట్టినవాళ్లు లేరు. పెద్దమ్మ కొడుకు అతను. పదకొండు రోజులు షాపు మూసేశాడు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

తర్వాత ఫోన్లో బైబిలు యాప్ తెరిచి "పూట" అని కొట్టాను. ఒక పూట కూటి కోసం జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్న ఏశావు కూడా వచ్చాడు. అది దాటి చూస్తూ పోతే ఆదికాండంలో యాకోబు కొడుకు యూదా దగ్గర ఆగాను. కనానులో కరువు. ధాన్యం కోసం మళ్లీ ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు వెళ్లాలి, చిన్న కొడుకు బెన్యామీనును పంపడానికి తండ్రికి ధైర్యం చాలడం లేదు. అప్పుడు యూదా, వీడికి నేను పూటపడతాను, వీణ్ని తిరిగి తీసుకురాకపోతే ఆ నింద ఎప్పటికీ నా మీదే ఉండనీ అంటాడు. ఆఖరికి అక్కడ పోయిందన్న గిన్నె బెన్యామీను సంచిలో దొరికినప్పుడు, తమ్ముడికి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోమని ముందుకొచ్చిందీ అతనే. ఇంకా కిందకు వెళితే హెబ్రీయులకు రాసిన పత్రిక, ఏడో అధ్యాయం, 22వ వచనం. యేసు మరి శ్రేష్ఠమైన నిబంధనకు "పూటకాపాయెను" అని. అదే మాట. మా అమ్మ నా చేత వద్దని కంఠతా పట్టించిన ఆ మాటే. ఎన్నిసార్లు చదివి ఉంటాను, ఎప్పుడూ తట్టలేదు. గట్టిగా ఏడుపొచ్చింది. ఆయన లేస్తారని వంటింట్లోకి వచ్చి కూర్చున్నాను, ఇక్కడి నుంచే రాస్తున్నాను.

అక్కడికి నిర్ణయం అయిపోయిందనుకున్నాను. తెల్లారగానే ఫోన్ చేసి "సంతకం పెడతాను అన్నయ్యా" అనేయాలని.

కానీ అదీ తొందరే అనిపిస్తోంది. పొద్దున ఒక వచనం చూసి వద్దన్నాను, రాత్రి ఇంకొకటి చూసి సరే అంటే, అది వాక్యాన్ని ధ్యానించడం ఎలా అవుతుంది? ఫిలేమోను పత్రిక ఒకటే అధ్యాయం, 25 వచనాలు, అది మొత్తం చదివాను. పారిపోయిన దాసుడు ఒనేసిము నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వెయ్యి అని అతని యజమాని ఫిలేమోనుతో అంటాడు పౌలు. అక్కడితో ఆగలేదు. "అది నేనే తీర్తును" అని తన చేత్తో రాశాడు. యూదా కూడా అంతే, తమ్ముడి బదులు తానే వెళ్లడానికి సిద్ధపడే మాటిచ్చాడు. ఒనేసిము ఏదోలా తీర్చుకుంటాడులే అని పౌలు రాయలేదు. మా నాన్న మాత్రం, స్నేహితుడు కట్టుకుంటాడులే అనుకుని సంతకం చేశారు. నన్ను అన్నయ్య అడిగింది కూడా అలాగే, "ఒక సంతకం, అంతేనమ్మా."

అంతే కాదు కదా. భోజనాల దగ్గర ఆయన చెప్పారు. ముగ్గురు ష్యూరిటీలుంటే బాకీ మూడు వాటాలు అవుతుందనుకోకు, మొత్తం ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది, అప్పు తీసుకున్నవాడి మీద ఎంత బాధ్యతో జామీనుదారు మీదా అంతే అని. ఇంకా పదహారు వాయిదాలు. డివిడెండు పక్కన పెట్టి లెక్కేస్తే 3 లక్షల 20 వేలు. మా ఇంటి లోను నెలకు 18,500 పోతోంది. నేనే తీరుస్తాను అని నా చేత్తో రాయగలనా? 3 లక్షల 20 వేలకు రాయలేను. చెల్లించడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే నీ కింద పరుపు లాక్కుపోతారు అని 22వ అధ్యాయంలో ఉన్నది నాలాంటివాళ్ల కోసమే. కానీ ఎంతకు రాయగలను? 60 వేలకు రాయగలను. తిరిగి రాకపోయినా పర్వాలేదనుకుని ఇవ్వగలను. అది అతనికి సరిపోతుందో లేదో తెలియదు. తెలియడానికి నేను అడిగింది ఏముంది?

పన్నెండు దాటింది. తేదీ మారింది కాబట్టి 18వ అధ్యాయం ఇప్పుడే తెరిచాను. పదమూడో వచనం. "సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చువాడు తన మూఢతను బయలుపరచి సిగ్గునొందును." ప్రతి నెలా చదువుతున్నదే. ఏదో చెప్పబోతుంటే నేనే అందుకున్నానని పైన రాశానే, ఆ సగం మాట ఏమిటా అని ఆలోచిస్తున్నాను. పెద్దమ్మ మోకాళ్ల సంగతా, షాపు సంగతా, పాప ఫీజా.

అన్నయ్య ఆరింటికే షాపు తీస్తాడు. ఆరూపావుకు ఫోన్ చేస్తాను. ముందు నిన్నటి మాటకు క్షమించమని అడుగుతాను, తర్వాత డబ్బు దేనికో అడిగి, అతను చెప్పేది చివరిదాకా వింటాను. సంతకం పెడతానో లేదో ఇప్పటికీ తెలియదు. పెట్టాల్సి వస్తే శాలరీ సర్టిఫికెట్టు కోసం హెడ్‌మాస్టరు గారికి రెండు రోజుల ముందే చెప్పాలి. అలారం ఐదున్నరకు పెట్టాను.